చూడని సినిమాకి ఏడ్చాను

ఏడేళ్ల క్రితం గజపతినగరంలో పెళ్లిచూపులకు వెళ్లాను. అమ్మాయి చాలా నచ్చింది. ఇద్దరం ఇష్టమైన విదేశీ సినిమాల గురించి మాట్లాడుకున్నాం. ఆమె తనకు నచ్చిన ఇరాన్ సినిమా కథ ఎంతో చక్కగా చెప్పింది. నేనేం తక్కువ తినలేదన్నట్టు, ఎప్పుడూ చూడని ఓ జపాన్ సినిమా పేరు చెప్పి, "చివర్లో వెక్కి వెక్కి ఏడ్చానండీ" అన్నాను.

ఆమె నవ్వాపుకుంటూ, "అది కామెడీ సినిమా కదండీ!" అంది.

పక్కనే కూర్చున్న వాళ్ల నాన్నమ్మ, "ఏటి బాబూ, నవ్వుల సినిమాకే అంతలా ఏడిస్తే, మా పిల్ల వండిన కూర తిని ఏటైపోతావు?" అంది. ఇల్లంతా గొల్లుమంది.

సంబంధం పోయిందనుకున్నాను. చెమటలు తుడుచుకుంటూ, "నేనసలు ఆ సినిమా చూడలేదండీ. మీకు నచ్చాలని కోతలు కోశాను" అన్నాను.

"ఒప్పుకున్నారు, అది సాల్లెండి" అంది ఆమె.

ఆ నెలలోనే ముహూర్తం పెట్టారు. తప్పు ఒప్పుకుని అంత లాభపడటం నా జీవితంలో అదొక్కసారే.