వేళ్లకు కనిపించిన ఎలుగుబంటి

మణుగూరు బస్టాండు ఎదురు సందులో కుమారస్వామి జిరాక్సు సెంటరు ఉంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చునే లాలిని ఎరగనివాళ్లు తక్కువ. తండాలో పుట్టిన పిల్ల. పదో తరగతి కాగానే పట్టుబట్టి డీటీపీ నేర్చుకుంది. భర్త రాంసింగ్ బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు.

పక్క గదిలో అప్పట్లో ఎస్టీడీ బూత్ ఉండేది. దాన్ని నడిపే మధులతకు పుట్టుకతోనే చూపు లేదు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసే సద్ది విప్పుకునేవాళ్లు.

2008లో, ఇప్పపూలు రాలే కాలంలో, పూలు ఏరడానికి పోయిన ఒకాయన మీద ఎలుగుబంటి పడింది. మనిషి బతికి బయటపడ్డాడు. బూత్‌కు వచ్చినవాళ్లందరూ చుట్టాలకు ఫోన్లు చేసి ఆ కథే చెప్పారు. వినీ వినీ ఒకరోజు మధులత అన్నం కలుపుతూ అడిగింది.

"అక్కా, ఎలుగుబంటి ఎట్లుంటది?"

"నల్లగుంటది, ఒళ్లంత బొచ్చు."

"నలుపు నాకేం తెలుసే? నడుం ఎట్లుంటది? మూతి ఏడ మొదలైతది? కూసుంటే ఎట్ల కూసుంటది?"

లాలి చేతులతో గాలిలో గీసి చూపించబోయి, సగంలో ఆపేసింది.

కొన్నాళ్లకు ఒక మిఠాయి దుకాణం వాళ్లు కొత్త రకం డబ్బా కావాలన్నారు. డబ్బా విప్పితే అట్ట ఎలా పరుచుకుంటుందో నెట్‌లో వెతుకుతుంటే లాలికి ఒక చిన్న ప్రోగ్రామ్ దొరికింది. తెర మీద అన్ని వైపులా తిరిగే బొమ్మను ఇస్తే చాలు, దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి చదునుగా పరిచి చూపిస్తుంది. ఏ అంచును ఏ అంచుకు అతికించాలో నంబర్లు కూడా వేస్తుంది. లాలి డబ్బా సంగతి మరిచిపోయి, ఎలుగుబంటి బొమ్మ కోసం వెతకడం మొదలుపెట్టింది.

దొరికింది గానీ అది ఏదో మంచుదేశపు ఎలుగు. రాంసింగ్ చూసి నవ్వాడు. "మన ఎలుగు గిట్లుండదే. మూతి పొడుగు, గోర్లు ఇంకా పొడుగు. నడుస్తుంటే తల నేలకు వంచుతది." అతను చెబుతుంటే ఆమె మౌస్‌తో మూతిని ముందుకు లాగింది, మెడను కిందికి వంచింది.

కాగితం మీద ముక్కలన్నీ చక్కగా కుదిరాయి. వాటిని జిరాక్సు కాగితాల కార్టన్ల మీద పెట్టి గీసి, బ్లేడుతో కోసింది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీత పెడితే మడత తిన్నగా వచ్చేది. కానీ అట్టకు మందం ఉంటుంది కదా. అంచుకూ అంచుకూ మధ్య సందులు మిగిలిపోయాయి, మొదటి ఎలుగు మెడ దగ్గర విరిగి పడింది. రెండోసారి అంచులను లోపలివైపు ఏటవాలుగా చెక్కి, మైదా గమ్ముతో అతికించింది. మేకపిల్లంత ఎలుగు బల్ల మీద నిలబడింది. కుమారస్వామి అద్దం తలుపు దగ్గర పెట్టమన్నాడు.

లాలి దాన్ని నేరుగా బూత్‌లోకి తీసుకెళ్లి మధులత ఒళ్లో పెట్టింది.

మధులత నెమ్మదిగా తడిమింది. వీపు మీద చేతులు ఆగిపోయాయి.

"అక్కా, ఎలుగుబంటికి మూలలుంటయా?"

దూరం నుంచి గుండ్రంగా కనిపించే వీపు నిజానికి చిన్న చిన్న పలకల కూర్పు. కంటికి దాగినవి వేళ్లకు దాగలేదు. ఆ సాయంత్రం లాలి బొమ్మను ఇంటికి తీసుకెళ్లి, కళ్లు మూసుకుని తానే తడిమి చూసుకుంది. "పెట్టె లెక్క ఉంది గదా," అని తనలో తనే అనుకుంది.

దారి అనుకోకుండా దొరికింది. ఒక కార్టన్ వానకు తడిసి, పైపొర ఊడిపోయి, లోపలి అలల గరుకు బయటపడింది. లాలి వేలితో అటూ ఇటూ రాసి చూసింది. అలల వెంట రాస్తే జారుతోంది, అడ్డంగా రాస్తే గీసుకుంటోంది. బొచ్చు కూడా అంతే. అట్టలను తడిపి పైపొర తీసేసి, చేత్తోనే సన్నని పట్టీలుగా చింపింది. ఇల్లు కప్పినట్టు, తోక దగ్గర మొదలుపెట్టి మెడ దాకా ఒకదాని మీద ఒకటి పరుస్తూ అతికించింది. మూలలన్నీ బొచ్చు కింద మాయమయ్యాయి. గోళ్లను మాత్రం గట్టి అట్టతో చేసి, కొనలు నున్నగా రుద్దింది.

ఈసారి మధులత వీపు నిమిరింది, వంగిన మెడ వెంట మూతి దాకా వెళ్లింది, తర్వాత ముందు కాళ్ల మీదికి దిగింది. గోళ్లు తగలగానే చేతులు చటుక్కున వెనక్కి తీసుకుంది.

"అమ్మో! గింత పొడుగా? గిసుంటిది వడ్డదా ఆయన మీద?"

"అవ్," అంది లాలి.

ఫోన్ కోసం వచ్చినతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మధులత మళ్లీ చేతులు చాచి, ఎలుగు తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుని నవ్వింది. "ఇగ ఎవరన్న ఎలుగుబంటి అంటే నాకు గూడ కనిపిస్తది."

ఖమ్మంలో మధులత చదువుకున్న చూపులేని ఆడపిల్లల హాస్టల్ ఉంది. అక్కడి టీచర్ శ్యామలకు తన బూత్ నుంచే ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది. టీచర్ వెంటనే రమ్మంది. ఇద్దరూ ఎలుగును చద్దర్లో చుట్టుకుని బస్సెక్కారు.

"ఏందమ్మా గది?" కండక్టర్ అడిగాడు.

"ఎలుగుబంటి," అంది మధులత, ఏ మాత్రం నవ్వకుండా.

హాస్టల్లో పిల్లలు చుట్టూ మూగారు. ఒకమ్మాయి దాని పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చి బొచ్చు పలచగా ఉందని కనిపెట్టింది. ఇంకొకతె గట్టిగా వాటేసుకుంటే చెవి ఊడి చేతికొచ్చింది. ఆ పిల్ల ఏడుపు ముఖం పెడితే, లాలి ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని చెవి మళ్లీ అతికింపజేసింది. ఎలుగును అక్కడే వదిలేసి వచ్చారు. వచ్చేటప్పుడు శ్యామల టీచర్ ఒక్కటే అడిగింది: "నెమలి అయితదా లాలీ? పిల్లలు పాటల్ల పాడుతరు గాని ఎట్లుంటదో ఎరగరు."

నెమలి అయింది. తర్వాత అడవిదున్న, రాంసింగ్ నడిపే డంపర్, గోదావరి మీది వంతెన కూడా అయ్యాయి. మధులత వేళ్లు ఒప్పుకోకుండా ఏ బొమ్మా గడప దాటలేదు. వంతెన స్తంభాలను ఆమె నాలుగుసార్లు విప్పించింది. లాలి విసుక్కునేది, విప్పేది, మళ్లీ చేసేది.

అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు రావడంతో 2009 చివర్లో బూత్ మూతపడింది. కుమారస్వామి తన గదిలో మధులతకు ఇంకో కుర్చీ వేయించాడు. ఇప్పుడు లాలి తెర మీద బొమ్మను విప్పి అట్ట కోస్తుంది. బొచ్చూ ఈకలూ అతికించే పని మధులతది. ఆ పని ఆమె ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు.