పొద్దున కుర్చీ, మధ్యాహ్నం మంచం

ఈ ఉదయం పొదిలిలో మా ఆరోగ్య కేంద్రానికి ఒకామె వేలు తెగిందని వచ్చింది. మిరపకాయలు కోస్తూ చేలోంచి తిన్నగా వచ్చినట్టుంది, కొంగు నిండా ఘాటు. దూది మీద స్పిరిట్ పోసి ఆమె చెయ్యి దగ్గరికి లాక్కున్నాను. ఆ స్పిరిట్ వాసనా ఈ ఘాటూ కలిసి ముక్కులోకి వెళ్లగానే ఆగకుండా నాలుగు తుమ్ములు వచ్చాయి. "నర్సమ్మకి మా కాయలు పడనట్టుందే" అని ఆమె నవ్వింది. పడకేం? ఆ రెండు వాసనలూ కలిసిన గదిలో ఆరేళ్లు పనిచేశాను. పెదకాకాని దగ్గర, గుంటూరు వెళ్లే రోడ్డు పక్కన ఉండేది ఆ చిన్న ఆస్పత్రి. దాన్ని నడిపిన డాక్టర్ భాగ్యవతి గారిని మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఎవరేం చెప్పినా ఒక కనుబొమ్మ పైకెత్తి వినేవారు, నమ్మనట్టుగా. నా ఉద్యోగంలో నాకు తెలిసినదంతా ఆ కనుబొమ్మ కింద నేర్చుకున్నదే.

నాకు అనుమానం ఆమె నేర్పింది కాదు, అది ముందే ఉంది. నా పదిహేనో ఏట మా నాన్నకు పచ్చకామెర్లు వచ్చాయి. ఊళ్లో ఎవరిని అడిగినా పసరు పోయించమన్నారు. పోయించాం. ఉప్పూ కారం లేని పత్యం పెట్టాం. మూడు వారాలు అయ్యాక, మనిషి తెలివి తప్పుతుంటే అప్పుడు గుంటూరు తీసుకెళ్లాం. "ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?" అని అక్కడి డాక్టరు అడిగితే మా అమ్మ కోటమ్మ కొంగుతో నాన్న మొహం తుడుస్తూ ఉండిపోయింది. నాన్న మళ్లీ ఇంటికి రాలేదు. నేను నర్సు కోర్సులో చేరింది ఆ కోపంతోనే. పుస్తకంలో లేని వైద్యం ఎవరు చేసినా వాళ్లు దొంగలనే నా లెక్క, ఇంకో మాట లేదు.

అలాంటి నేను భాగ్యవతి గారి దగ్గర ఉద్యోగం అడగడానికి వెళ్లేసరికి మధ్యాహ్నం మూడైంది. గోడ మీద ఎంబీబీఎస్ పట్టా ఉంది. బల్ల మీద స్టెతస్కోపు ఉంది. లోపలి గదిలో ఆరు మంచాలు వేసి, వాటి మీద ఆడవాళ్లను పడుకోబెట్టి, ఆమె వెంట్రుకంత సన్నటి సూదులు మోకాళ్లకీ మెడలకీ గుచ్చుతున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఇదేంటండీ డాక్టర్ గారూ?"

"ఆక్యుపంక్చర్. సూదుల వైద్యం. ఎంబీబీఎస్ అయ్యాక నేర్చుకున్నా. ఏం, నమ్మకం లేదా?"

"లేదండీ," అన్నాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

ఆమె సూది గుచ్చడం ఆపి నన్ను కిందికీ పైకీ చూశారు. "మంచిది. రేపు తొమ్మిదింటికి వచ్చెయ్," అన్నారు.

ఆ ఆస్పత్రిలో ఒక్కటే చట్టం. పొద్దున కుర్చీలో కూర్చోకుండా ఎవరూ మధ్యాహ్నం మంచం ఎక్కకూడదు. కుర్చీ అంటే డాక్టరు ఎదురుగా ఉండే కర్ర కుర్చీ. అందులో కూర్చుంటే బీపీ, సుగరు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ చూసేవారు. అవసరమైతే ఎక్స్‌రేకి పంపేవారు. నొప్పి ఎందుకు వస్తోందో కాగితం మీద పడ్డాకే సూది. ఎమ్మెల్యే బంధువు వచ్చినా అంతే, ఆమె సొంత ఆడబిడ్డ వచ్చినా అంతే. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు. పొద్దున ఆటోల్లో దిగి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకు నూనె రాసుకుని, కాయల రాశి ముందు కూర్చుంటే సాయంత్రం దాకా వంచిన మెడ ఎత్తరు. దగ్గు వచ్చినా, కళ్లు మండినా, గుండెలో మండినా వాళ్లకు ఒకటే మాట, ఘాటు. మిరప రాశి పక్కన పుట్టే ప్రతి బాధకూ అదే పేరు, ఆ పేరు పెట్టాక ఇక దాని గురించి ఎవరూ ఆలోచించరు.

నేను చేరిన మొదటి నెలలోనే నిఘా మొదలుపెట్టాను. నా అనుమానం ఏమిటంటే, ఈ ఆడవాళ్లకు నొప్పి తగ్గేది సూదుల వల్ల కాదు, పట్టపగలు అరగంట ఫ్యాను కింద పడుకోవడం వల్ల. ఇంట్లో ఆ భాగ్యం ఎక్కడిది? అందుకని డాక్టరు గారికి తెలియకుండా ఒక నోటు పుస్తకం పెట్టాను. సాయంత్రం ఆటో కోసం నిలబడ్డ వాళ్ల దగ్గరికి వెళ్లి, నిజంగా తగ్గిందా, ఎంత తగ్గింది, మళ్లీ ఎప్పుడు వచ్చింది అని ఆరా తీసేదాన్ని. కొందరు బాగుందన్నారు. కొందరు ఏమీ లేదన్నారు. ఒకామె, "తగ్గిందో లేదో గానీ, నన్ను మంచమ్మీద పండుకోబెట్టి ఎట్టా ఉందని అడిగినోళ్లు ఇంతవరకు లేరు తల్లీ," అంది. అది కూడా రాసుకున్నాను. మూడు నెలలు గడిచాక ఆ పుస్తకం తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాను, పట్టుకున్నాను చూడండి అన్నట్టు.

ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు.

"నాకూ ఇదే అనుమానం సుజాతా," అన్నారు చివరికి. "పడుకోవడం వల్ల ఎంత, సూది వల్ల ఎంత, నాకు తెలియదు. నేనిది నమ్మి నేర్చుకోలేదు. మోకాళ్ల నొప్పులకు కొట్లో బిళ్లలు కొనుక్కుని ఏళ్ల తరబడి మింగి, కిడ్నీలు పోగొట్టుకున్న వాళ్లను చూసి చూసి నేర్చుకున్నా. రోజుకు రెండు బిళ్లలు మింగేది ఒకటి మింగితే నాకు చాలు."

"మరి తగ్గలేదన్న వాళ్ల సంగతేంటండీ?"

"వాళ్లనే పైన రాయి. ఇకనుంచి తగ్గలేదన్నవి ముందు పేజీల్లో, తగ్గాయన్నవి వెనక. మొదట నా కంటపడాల్సింది అవి."

ఆ రోజు నుంచి ఆ పుస్తకం రాయడం నా ఉద్యోగంలో భాగమైంది. దొంగను పట్టుకోబోతే ఆవిడే నా చేతికి లాంతరు ఇచ్చినట్టయింది.

సూదుల మీద మోజుతో వచ్చేవాళ్లంటేనే ఆమెకు చిరాకు. పత్తి రైతు ఒకాయన నడుం నొప్పికి నాలుగు వారాలుగా వస్తుండేవాడు. ఒకరోజు బోర్లా పడుకుని గొప్పగా చెప్పాడు.

"సుగరు బిళ్లలు మానేశానమ్మా. ఎటూ సూదులేయించుకుంటన్నా గదా, రెండూ ఎందుకని."

"మానమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. నాకే తోచింది."

"అయితే సూదులు కూడా నీకు తోచిన చోట నువ్వే గుచ్చుకో. లే, మంచం దిగు."

ఆయన చొక్కా తొడుక్కుంటూ ఏదో గొణిగాడు. మళ్లీ బిళ్లలు మొదలుపెట్టి, రక్తపరీక్ష కాగితం తెచ్చి చూపించేదాకా ఆయన్ని లోపలి గదిలోకి రానివ్వలేదు. సూది నడుముకు, బిళ్ల సుగరుకు, ఒకదాని బదులు ఒకటి కాదని ఆ వారమంతా వచ్చిన వాళ్లందరికీ చెబుతూనే ఉన్నారు.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. ఎప్పుడు జరిగిందో తెలియదు గానీ నాలో పదును తగ్గింది. నాకు నెలనెలా వచ్చే తలనొప్పికి ఆమె సూదులు పెడితే రెండుసార్లు హాయిగా అనిపించింది, ఇంకేం, ఆ మోజులో పడిపోయాను. చుట్టుపక్కల వాళ్లకు నేనే చెప్పడం మొదలుపెట్టాను. నోటు పుస్తకంలో ముందు పేజీలు పల్చబడ్డాయి. తగ్గని వాళ్లు లేక కాదు, నేను అడగడం తగ్గించాను.

అప్పటికి మా అమ్మ నా దగ్గరే ఉండేది. ఊరికే కూర్చోవడం ఆమె వల్ల కాదు, అందరితో పాటు తొడిమలు తీయడానికి వెళ్లేది. ఆ ఏడాది కాయల సీజన్‌లో ఎడమ భుజం లాగుతోందని, గుండెలో మంటగా ఉందని అంటుండేది. "ఘాటేలే" అని తనే అనేది. నేనూ సరేననుకున్నాను. ఒక మధ్యాహ్నం పనిలోంచి తిన్నగా ఆస్పత్రికి వచ్చింది. "రెండు సూదులు పొడిపియ్యవే, చెయ్యి ఎత్తలేకపోతన్నా," అంది. పొద్దున కుర్చీ సంగతి నాకు గుర్తు రాకపోలేదు. మా అమ్మే కదా, నాకు తెలియని ఒళ్లా అనుకున్నాను. చీటీ మీద "మెడ నొప్పి, పని వల్ల" అని నా చేత్తో నేనే రాసి, ఐదో మంచం మీద పడుకోబెట్టాను.

డాక్టరు గారు సూది పట్టుకుని ఐదో మంచం దగ్గరికి వచ్చి ఆగారు. అమ్మ నుదురు తడిగా ఉంది.

"ఈమె పొద్దున వచ్చిందా?"

"మా అమ్మండీ."

"నేనడిగింది అది కాదు."

ఆమె సూదిని ట్రేలో పడేసి మంచం అంచున కూర్చున్నారు. "ఎక్కడ కోటమ్మా నొప్పి?"

"భుజం దగ్గరమ్మా. గుండెలో మంట. ఘాటు, ఇంకేం లేదు. అందరికీ ఉండేదేగా."

"నిన్న ఆదివారం. పనిలేదు. కాయల మొహం చూడలేదు. నిన్న మండిందా?"

అమ్మ నావైపు చూసింది, అడగొద్దన్నట్టు. "బిందె ఎత్తేటప్పుడు మండింది," అంది మెల్లగా. "దవడ కూడా లాగింది. కాసేపు కూచుంటే పోయింది."

ఈసీజీ తీసింది నేనే, ఒక తీగ తప్పు చోట పెట్టబోతే డాక్టరు గారు నా మణికట్టు పట్టుకుని సరిచేశారు. కాగితం బయటికి వస్తుండగానే ఆమె మొహం మారింది. అమ్మ చేత ఆస్పిరిన్ నమిలించారు, నాలుక కింద మాత్ర పెట్టారు, తన కారులోనే గుంటూరు పెద్దాస్పత్రికి పంపించారు, ముందుగా అక్కడికి ఫోన్ చేసి. దారంతా అమ్మ నా ఒళ్లో తల పెట్టుకుని, "నిన్ను తిడతదేమోనే ఆ డాక్టరమ్మ," అంటూనే ఉంది. ఆ సాయంత్రమే గుండెకు స్టెంటు వేశారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో అక్కడి డాక్టరు చెప్పబోతే నేను వద్దన్నాను. ఆ మాట నేను పదిహేనో ఏటే విన్నాను.

సూదులు గుచ్చి ఉంటే ఏమయ్యేది? భుజం నొప్పి కాస్త సర్దుకునేదేమో. అమ్మ "తగ్గిందే" అని లేచి మళ్లీ కాయల దగ్గరికి వెళ్లేది. పసరు పోసిన వాళ్లను ఇన్నేళ్లు తిట్టుకున్నాను. వాళ్లకూ మా నాన్న అంటే ప్రేమే, వాళ్లూ తమకు తెలుసనే అనుకున్నారు.

వారం తర్వాత పనిలోకి వెళ్లాను. డాక్టరు గారు అరుస్తారని సిద్ధపడి వెళ్లాను. ఆమె అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. తలుపు వేసి కూర్చోమన్నారు.

"నిన్ను ఎందుకు పెట్టుకున్నానో తెలుసా? సూదులంటే నాకు ఇష్టం పెరిగిపోతోందని నాకే తెలుస్తోంది. ఇష్టపడ్డవాళ్లకు కళ్లు సరిగా కనపడవు. గదిలో నమ్మని మనిషి ఒకరు ఉండాలనుకున్నా. నువ్వు నన్ను అనుమానించినన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నా సుజాతా. ఎప్పుడు మానేశావ్?"

తల దించుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, నీళ్ల గ్లాసు మాత్రం ఇటు జరిపారు. ఏడాదిన్నర తర్వాత కంటిచూపు తగ్గి ఆమె ఆస్పత్రి మూసేశారు. నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. నిరుడు ఆమె పోయారని తెలిసి వెళ్లేసరికి అంతా అయిపోయింది.

సూదులు పనిచేస్తాయా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు తెలియదనే చెబుతాను. సాయం చేయొచ్చు, చేయకపోవచ్చు, ముందు కుర్చీలో కూర్చోండి అంటాను. అది చెప్పడం తేలిక. ఇంట్లోనే కష్టం. నిన్న అమ్మ మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. ఏంటమ్మా అంటే, "ఏం లేదే, ఎండకి" అంది.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు రాలేదా ఇది?" అన్నాను.

"కన్నతల్లిని కూడా నమ్మవుటే నువ్వు?" అని కసిరింది.

"నమ్మను. చెప్పు," అన్నాను. ఆమె చెప్పేలోపు ఒక క్షణం గడుస్తుంది చూడండి, ఆ క్షణం నాకు ప్రతిసారీ భయమే.