ఊట లేని తొట్టి

లెక్క చదవబోయే ముందు ఓమన చీర అంచు కాస్త పైకెత్తి పట్టుకునేది, నీళ్లలోకి దిగబోతున్నట్టు.

కేరళలోని కుట్టనాడులో కాలువ ఎత్తున, పొలం పల్లాన ఉంటాయి. పొలంలో నీళ్లు మోటారుతో బయటికి తోడేస్తేనే విత్తనం పడుతుంది. ఓమన పెరిగింది ఆ కట్టల మీదే. యాభై దాటాక పదో తరగతికి కూర్చుంది. అంగన్‌వాడీలో వంట చేస్తుంది. పది పాసైతే ఆ ఉద్యోగం పర్మినెంటు అవుతుందన్నారు. నిరుడు అన్నీ గట్టెక్కి లెక్కల్లో మునిగింది.

ఈసారి పరీక్షకు ముందు రోజు సాయంత్రం, గ్రంథాలయం వరండాలో, వాళ్లకు పాఠాలు చెప్పే జెస్సీ టీచర్ ఒక లెక్క ఇచ్చింది. తొట్టిలో పన్నెండు అడుగుల నీళ్లు. మోటారు గంటకు నాలుగు అడుగులు దింపుతుంది. ఎన్ని గంటలకు ఖాళీ?

ఓమన రాసింది: ఖాళీ కాదు.

పడవ నడిపే పాప్పచ్చన్, తనూ పరీక్షకు కూర్చున్నవాడే, తొంగి చూసి పకపక నవ్వాడు.

“ఓమనా, నీ మోటారు కాలిపోయిందా ఏంటి?”

“రోజూ పడవలో నీళ్లు తోడుకునేవాడివి, నీకెందుకయ్యా నవ్వు?”

టీచర్ నవ్వలేదు. “ఎందుకు ఖాళీ కాదు, చేచీ?” అక్కను పిలిచినట్టు అడిగింది.

“మా పొలంలో అయితే కట్టలోంచి ఊరుతుంది కదా, టీచరమ్మా. తోడేది తోడుతుంటే వచ్చేది వస్తూనే ఉంటుంది.”

“గంటకు ఎంత ఊరుతుందనుకుందాం?”

“ఒక అడుగు.”

“నాలుగు పోయి, ఒకటి వస్తే?”

“మూడు తగ్గుతుంది.” ఓమన వేళ్ల మీద లెక్కపెట్టింది. “అయితే ఖాళీ అవుతుంది. నాలుగు గంటలకి.”

“మీరు చేసింది పెద్ద లెక్క. పుస్తకంలోది చిన్నది. వాళ్ల తొట్టికి ఊట లేదు, అంతే.”

“ఊట లేని తొట్టి ఎవరింట్లో ఉంటుందమ్మా?”

“లెక్కలు రాసేవాడింట్లో.”

“పాపం,” అంది ఓమన. “అయితే మూడు గంటలు.”

చిన్నప్పుడు ఇలాంటి జవాబుకే చేతి మీద బెత్తం పడింది. ఎందుకలా రాశావని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. కూతురి వయసు పిల్ల అడిగింది. వెళ్లబోతూ ఓమన ఆమె గడ్డం పట్టుకుంది.

“నీ కడుపు చల్లగుండ, టీచరమ్మా.”

మర్నాడు పొద్దున పరీక్షలో కొవ్వొత్తి లెక్క వచ్చింది. గంటకు ఇంత చొప్పున కరుగుతుంది, ఎప్పటికి ఆరిపోతుంది? ఓమన ముందుగా ఒక వాక్యం రాసింది: కిటికీలు మూసి ఉన్నాయనుకుందాం. దాని కింద లెక్క చేసింది.