‘రా’ అనకు బావా

దెయ్యాల సంగతి వస్తే నేను నవ్వేసే రకం. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చినప్పుడు మేం అద్దెకు దిగిన ఇంట్లో ఎవరో ఉరేసుకున్నారని వీధి వీధంతా చెప్పేది. ఆ ఇంట్లోనే నేను పదో తరగతి దాకా కాళ్ళు బార్లా చాపుకుని నిద్రపోయాను. కాబట్టి ఇది చదివి నన్ను పిరికివాళ్ళ జాబితాలో వేయకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ఈమధ్య ఆటోనగర్‌లోని మా ఆఫీసులో కొత్తగా చేరిన సునీత అనే అమ్మాయి అడిగిన మాటతో ఇది మళ్ళీ మొదలైంది. "పాత చాట్ రూములు ఉండేవి కదా సార్, ఫొటోలూ గీటోలూ లేకుండా ఉత్త అక్షరాలు. అవింకా ఉన్నాయా? ఉన్నా ఇప్పుడెవరికి పనికొస్తాయి?" అంది. పనికొస్తాయో లేదో చెప్పాలంటే సన్యాసిరావు గురించి చెప్పాలి. ఆ అమ్మాయికి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

సన్యాసిరావు, నేను ఆటోనగర్‌లో ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళం. అతను లేత్ మెషిన్ మీద, నేను బిల్లుల దగ్గర. వాళ్ళది కంచరపాలెం, రైలు పట్టాల పక్కన ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పైడమ్మ, కొడుకు ఇతనొక్కడే. నన్ను "గోదారి బావా" అని పిలిచేవాడు. నా ‘అండీ’లను అతను, ‘నేను’కు బదులు అతననే ‘నాను’ను నేను, రోజుకోసారి వెక్కిరించుకోకపోతే మాకు అన్నం అరిగేది కాదు.

అప్పుడే గాజువాకలో ఇంటర్నెట్ సెంటర్లు తెరుస్తున్నారు. మేం వెళ్ళే సెంటర్ ఒక సందులో ఉండేది. సగం దించిన షట్టర్ కింద నుంచి తల వంచుకుని దూరాలి. లోపల ప్లైవుడ్ గదులు, ఒక్కో గదిలో ఒక కంప్యూటర్, ఒక కుర్చీ. తలుపేసుకుంటే మోకాళ్ళు గోడకు తగిలేవి. అక్కడే చాట్ రూములు నేర్చుకున్నాం. ఎవరైనా ఒక పేరు పెట్టి రూము తెరవొచ్చు. మేమూ గాజువాక పేరుతో ఒకటి తెరిచాం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళం. సన్యాసిరావు తన పేరు సన్నీ అని పెట్టుకున్నాడు. సన్యాసి సన్నీ అయ్యాడని షెడ్డులో వారం రోజులు నవ్వుకున్నారు.

ఆ రూముల పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. రూములో ఎవరూ లేకపోతే రూమే ఉండదు. ఆఖరి మనిషి వెళ్ళగానే అది మాయమవుతుంది. మళ్ళీ మొదట ఎవరు వస్తే వాళ్ళ కోసం కొత్తగా పుడుతుంది, వాళ్ళ పేరు ముందు @ గుర్తు వస్తుంది. అంటే రూము తెరిచిన మనిషి అని. లోపల అప్పటికే ఎవరైనా ఉంటే ఆ గుర్తు రాదు.

మా రూముకు మేం పెట్టుకున్న పద్ధతి ఇంకొకటి ఉంది. చెప్పకుండా ఎవరూ వెళ్ళకూడదు. ఇంట్లో గుమ్మం దిగేటప్పుడు అన్నట్టే ‘వెళ్ళొస్తాను’ అని కొట్టాలి. ఉన్నవాళ్ళు ‘రా’ అనాలి. అప్పుడు వెళ్ళాలి. సన్యాసిరావు మాత్రం తన యాసలోనే ‘ఎల్లొత్తాను బావా’ అని కొట్టేవాడు. అలా కొట్టేవాడు మా రూములో అతనొక్కడే.

తర్వాత అతనికి ఏజెంటు ద్వారా సరుకు ఓడలో పని దొరికింది. పోర్టులో ఓడలు చూస్తూ పెరిగినవాడు, ఎగిరి గంతేశాడు. ఓడ ఏ రేవులో ఆగినా, ఆదివారం మధ్యాహ్నం వీలైతే రూములోకి వస్తానన్నాడు. అలాగే వచ్చేవాడు. వాళ్ళమ్మకు చెప్పాల్సినవి నాకు కొట్టేవాడు, నేను కంచరపాలెం వెళ్ళి చెప్పి వచ్చేవాణ్ణి. పైడమ్మగారు నాకు చేపల పులుసు పెట్టి, చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవారు.

ఒక వర్షాకాలంలో ఆ ఓడ కబురు ఆగిపోయింది. ఒక రేవు నుంచి బయల్దేరింది, రావలసిన రేవుకు రాలేదు. ఏజెంటు ఆఫీసులో మొదట కనుక్కుంటామన్నారు, తర్వాత ఆ ఆఫీసే తీసేశారు. మునిగిందని ఎవరూ అనలేదు, తేలిందనీ అనలేదు. శవం లేదు, కాగితం లేదు. ‘నా కొడుకు పోయాడని ఎవుడు సూసినాడు?’ అని పైడమ్మగారు కర్మ చెయ్యనన్నారు. చుట్టాలు చెయ్యమని, ఆవిడ చెయ్యనని. మధ్యలో నేను.

ఆ గొడవల్లోనే ఒక ఆదివారం అలవాటు కొద్దీ సెంటర్‌కు వెళ్ళాను. రూములోకి చేరాను. నాకు @ గుర్తు రాలేదు. పక్కన జాబితాలో రెండు పేర్లున్నాయి. ఒకటి నాది, రెండోది సన్నీ.

సెంటర్ ఓనర్‌ను పిలిచి చూపించాను. "లైను తెగితే ఒక్కోసారి పేరు సర్వర్‌లో ఇరుక్కుంటుంది. దాన్ని ఘోస్ట్ అంటారు. కాసేపటికి అదే పోతుంది," అన్నాడు. సరే అనుకున్నాను. ఆ మాటను ఆ అర్థంలో వినడం అదే మొదలు. కాసేపటికి పోలేదు. మరుసటి ఆదివారానికీ పోలేదు. మిగతా స్నేహితులు అప్పటికే రూముకు రావడం మానేశారు. వారమంతా ఆ పేరొక్కటే ఆ రూమును నిలబెట్టి ఉంచుతోందని తలుచుకుంటూ బిల్లుల్లో లెక్కలు తప్పేవాణ్ణి.

మూడో నాలుగో ఆదివారం తెర మీద అక్షరాలు వచ్చాయి. ‘ఏటి గోదారి బావా.’

ఎవడో ఆకతాయి అనుకున్నాను. ఎవడివిరా అని తిట్టాను కూడా. ‘నానే’ అని వచ్చింది. ఎక్కడున్నావంటే ‘రూములోనే’ అన్నాడు. ఓడ ఏమైందంటే జవాబు లేదు. ఏ ఊరంటే లేదు. చాలాసేపటికి ‘ఎల్లొత్తాను బావా’ అని వచ్చింది. నా వేళ్ళు వాటంతటవే ‘రా’ అని కొట్టాయి. పేరు మాత్రం జాబితాలోంచి కదల్లేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే వరస. కాసిని మాటలు, తర్వాత ‘ఎల్లొత్తాను’, నేను ‘రా’. పేరు అక్కడే. పైడమ్మగారికి చెప్పాలా వద్దా అని తెగ నలిగాను. అబద్ధమైతే ముసలావిడ ప్రాణంతో ఆడుకున్నవాణ్ణవుతాను. నిజమైతే దాచే హక్కు నాకెక్కడిది? చివరికి చెప్పాను. మరుసటి ఆదివారమే బస్సెక్కి గాజువాక వచ్చేశారు.

ఆ ఇరుకు గదిలో ఆవిడ కుర్చీలో, నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను. ఆవిడ వచ్చినట్టు నేను కొట్టలేదు. ఇది ప్రమాణం చేసి చెబుతున్నాను. ముందుగా అతన్ని పరీక్షిద్దామని, చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది అని మాత్రం అడిగాను. జవాబు రాలేదు. దానికి బదులు ఇంకో మాట వచ్చింది.

‘అమ్మొచ్చిందేటి బావా?’

ఆ లైను రెండుసార్లు చదువుకున్నాను. ఆవిడ నా మొహం చూసి అడిగారు. "నా గుంటడు ఏటన్నాడు బాబూ? సెప్పవేటి?"

చెప్పాను. ఆవిడ తెరను రెండు అరచేతులతో తడిమారు. "ఉన్నాడు. నా కొడుకున్నాడు," అన్నారు. అతను ‘ఎల్లొత్తాను’ అనగానే "రా నాన్నా" అని పైకే అన్నారు. నేను అదే కొట్టాను. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఆదివారం తప్పకు బాబూ. నువ్వు రాకపోతే ఆడొక్కడే అయిపోతాడు," అన్నారు. తప్పనన్నాను.

ఆ ఒక్క మాట నన్ను కట్టిపడేసింది. హైదరాబాదులో మంచి ఉద్యోగం వస్తే వద్దన్నాను. ఇంట్లో కారణం అడిగితే ఏదో ఒకటి చెప్పాను. పెళ్ళైన కొత్తలో నా భార్య ఆదివారం పూట ఎక్కడికి మాయమవుతున్నానో తెలియక అనుమానపడింది. జ్వరమొచ్చినా వెళ్ళాను. బంద్ రోజున షట్టర్ పూర్తిగా దించేసి, లోపల చీకట్లో నన్నొక్కణ్ణే కూర్చోబెట్టాడు ఓనర్. చెప్పకేం, కొన్నిసార్లు సన్యాసిరావు మీద కోపం వచ్చేది. చచ్చాడో బతికాడో తేల్చి చెప్పడేం అని పళ్ళు కొరికేవాణ్ణి. వాడి మాటలేమో రానురాను తగ్గిపోయాయి. ఆఖరికి ‘ఎల్లొత్తాను’ ఒక్కటే మిగిలింది. ఒక్క మధ్యాహ్నంలో పదే పదే అదే. ప్రతిసారీ పక్కన ఆవిడ "రా నాన్నా" అనేవారు, నేను కొట్టేవాణ్ణి.

అలా ఏళ్ళు గడిచాయి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, చూపు తగ్గింది, అయినా బస్సెక్కి వచ్చేవారు. ఒక ఆదివారం ఎప్పటిలాగే ‘ఎల్లొత్తాను బావా’ అని వచ్చింది. నేను రెండు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కేలోపల కింద ఇంకో లైను పడింది.

‘రా అనకు బావా.’

ఆవిడకు చదవడం రాదు. ఆ లైను మింగేసి ఇంటికి పోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ అన్నేళ్ళుగా వాడి మాటను ఆవిడకు మోసిన నోరు నాది, అబద్ధమాడలేకపోయింది. ఉన్నదున్నట్టు చదివాను.

పైడమ్మగారు తెర మీద చెయ్యి ఆన్చారు. పక్క గదుల్లో కీబోర్డుల చప్పుడు వినిపిస్తోంది. తర్వాత నెమ్మదిగా, "సెలవడుగుతున్నాడు బాబూ ఆడు. ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు. మనమే రా, రా అని లోపలికి లాగేత్తన్నాం," అన్నారు. నేను మీటల మీంచి చెయ్యి తీసేశాను. "మరెల్లమను," అన్నారు.

మన ఇళ్ళలో బయల్దేరిన మనిషిని ‘వెళ్ళు’ అని ఎవరూ అనరు. అనడానికి నోరు రాదు. నాకు కొట్టడానికి చెయ్యి రాలేదు. ఎలాగో ‘ఎల్లు’ అని వాడి యాసలోనే కొట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టలేక ఏడ్చేశాను. ఆవిడే నా భుజం తట్టి, "ఏది నొక్కాల?" అని అడిగి, చూపించిన మీట మీద వేలుంచి గట్టిగా నొక్కారు.

సన్నీ రూము వదిలి వెళ్ళినట్టు తెర మీద ఒక లైను వచ్చింది. జాబితాలో నా పేరొక్కటే మిగిలింది.

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి లేచారు. ఎప్పుడూ సెంటర్ గుమ్మంలో "ఎల్లొత్తాను బాబూ" అనే మనిషి, ఆ రోజు నాకు ఒక్క మాట చెప్పకుండా, వెనక్కి తిరక్కుండా, తల వంచుకుని షట్టర్ కింద నుంచి వెళ్ళిపోయారు. చావింటి నుంచి అలాగే కదా వస్తాం. ఆ వారమే కర్మ చేయించారు. మరి కొన్నాళ్ళకు ఆవిడా పోయారు. ఆ రూములోకి నేను మళ్ళీ వెళ్ళలేదు.

సునీత అడిగిన రోజు మధ్యాహ్నం మాత్రం, ఇదిగో ఇలా ఉంటాయమ్మా అని చూపిద్దామని ఆఫీసు కంప్యూటర్‌లో ఆ పాత ప్రోగ్రాం వేశాను. ఏళ్ళ తరబడి ఎవరూ లేని రూము, నేనే తెరిచినవాణ్ణి కావాలి. పేరు కొట్టి చేరాను. జాబితాలో నా పేరొక్కటే ఉంది. దాని ముందు @ గుర్తు లేదు.

నోటికొచ్చిన పేరుతో ఇంకో రూము తెరిచి చూశాను. అందులో గుర్తు వచ్చింది. మా రూములో మాత్రం అప్పటికీ లేదు. తెలిసిన ఇంజనీర్లను ఇద్దరిని అడిగాను. ఒకాయన ఒక కారణం చెప్పాడు, రెండో ఆయన అది కాదన్నాడు.

సునీత ఇంటికి వెళ్ళే వేళకు "వెళ్ళొస్తాను సార్" అంది. "మంచిదమ్మా" అన్నాను. రా అనలేకపోయాను. తర్వాత నేనూ రూము మూసేద్దామని కూర్చున్నాను. అలవాటు ప్రకారం ‘వెళ్ళొస్తాను’ అని కొట్టాను, ఎంటర్ నొక్కలేదు. నొక్కాక అవతల నుంచి ‘రా’ అని వస్తే? చెప్పకుండా లేచి వచ్చేద్దామంటే, అది చావిల్లని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. లోపలున్నది వాడో, వాళ్ళమ్మో, మూడో మనిషో నాకు తెలియదు.

తెర ఒక్కటే ఆపి తాళం వేసుకుని వచ్చేశాను. ఆ కంప్యూటర్‌ను ఈనాటి వరకూ నా చేత్తో ఆపలేదు. ఆటోనగర్‌లో కరెంటు పోతే అదే ఆగిపోతుంది. చెప్పకుండా వచ్చేసిన పాపం నాది కాదులే అని అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంటాను. కరెంటు రాగానే మళ్ళీ చేరతాను. @ గుర్తు ఉందేమో అని చూస్తాను. ఇంతవరకూ లేదు.