బిందెలో గాలి

సరళ టీచర్ పుట్టింది జఫర్‌గఢ్‌లో, కాపురం జనగామలో. రఘునాథపల్లి మండలంలోని ఒక సర్కారు బడిలో చాలా ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతోంది. పాఠాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఏ పాఠం దగ్గర ఏ పిల్లవాడు ఏం అడుగుతాడో కూడా ముందే తెలిసిపోయేది. చదువు చెప్పడమంటే తన దగ్గరున్నది పిల్లలకు పంచడమే అనుకునేది. తన దగ్గర లేనిది వాళ్ల దగ్గర ఉండొచ్చన్న ఆలోచన ఎన్నడూ రాలేదు.

ఆ ఏడు పదో తరగతిలో ఎల్లేశ్, శామ్యూల్ అని ఇద్దరుండేవారు. ఎల్లేశ్ తల్లి ఎల్లక్కకు చూపు సరిగా ఆనదు. నల్లా కింద బిందె పెట్టి, చప్పుడు విని, నిండే వేళకు కట్టేస్తుంది. శామ్యూల్ తండ్రి తాపీ మేస్త్రి. పిల్లవాడు మాత్రం లెక్కల్లో పిడుగు.

ఒకనాడు ఎల్లేశ్ అడిగాడు. "మేడం, బిందె నిండుతుంటే చప్పుడు సన్నగైతది. ఎట్ల?"

"లోపల గాలి తక్కువైతది గద, అందుకే" అంది సరళ. ఇంటర్ పుస్తకంలోని గొట్టాల సూత్రం కూడా బోర్డు మీద రాసి చూపింది. అంతటితో అయిపోయిందనుకుంది.

వారం తిరక్కుండానే ఇద్దరూ వచ్చి నిలబడ్డారు.

"మేడం, మీరు చెప్పిన లెక్క గొట్టానికి కుదిరింది గని బిందెకు కుదుర్తలేదు" అన్నాడు శామ్యూల్. "గాలి నాలుగో వంతుకొస్తే చప్పుడు సన్నదనం నాలుగింతలు పెరగాలె. బిందెల రెండింతలే పెరుగుతాంది."

"కొలిచేటప్పుడు ఎక్కడో తప్పుపోయి ఉంటరు" అంది సరళ. ఆమె ఫోనులో స్వరాన్ని కొలిచే యాప్ వేసుకుని, బడి నల్లా దగ్గర మళ్లీ కొలిచారు. రెండింతలే వచ్చింది. బిందె తీసి నూనె సీసా పెట్టారు. అదే వచ్చింది. మధ్యాహ్న భోజనం వండే గంగి దగ్గర పచ్చడి జాడీ అడిగి తెచ్చారు. అదీ అంతే.

సరళ ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేసింది. ఏం దొరకలేదు. మర్నాడు పొద్దున ఆమె బస్సు దిగి వచ్చేసరికి వరండా గచ్చంతా సుద్దముక్క రాతలే. శామ్యూల్ మోకాళ్ల మీద కూర్చుని రాస్తున్నాడు.

"దొరికింది మేడం. బిందె మెడల ఉన్న గాలి బరువు లెక్క, కడుపుల ఉన్న గాలి స్ప్రింగు లెక్క. బరువు కిందికీ మీదికీ ఊగుతది. గదే చప్పుడు."

స్ప్రింగుకు కట్టిన బరువు లెక్క సరళ ఎన్నిసార్లు చెప్పిందో. బిందె మెడలో స్ప్రింగు ఉంటుందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు. గచ్చు మీది రాతలు వరుసగా చదువుకుంటూ పోయింది. ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. చెప్పులు విడిచి పిల్లవాడి పక్కనే గచ్చు మీద కూర్చుని, "గిది ఎట్లొచ్చింది? నాకు సమజయితలేదు, జర చెప్పు" అంది. శామ్యూల్ ఓపికగా చెప్పాడు. చివర రెండింతలు సరిగ్గా తేలింది.

ఆ మీదట వాళ్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కుండలో వడ్లు పోస్తే ఏమవుతుందని ఎల్లేశ్‌కు తోచింది. వడ్లు ఎంత చోటు ఆక్రమిస్తే గాలి అంత తగ్గుతుంది, చప్పుడు మారుతుంది. అదే బరువుకు లోపల బియ్యం లేని తాలు గింజలు ఎక్కువ చోటు తింటాయి. అంటే చప్పుడు వింటే వడ్లలో తాలు ఎంతుందో చెప్పొచ్చు. వడ్ల కొనుగోలు కేంద్రంలో తాలు ఎంతన్న దాని మీద జరిగే కొట్లాటలు ఊళ్లో పిల్లవాళ్లకు కొత్త కాదు. మూతకు పొట్టి మెడ బిగించిన ఒక స్టీలు డబ్బా, దాని స్వరం కొలవడానికి ఒక ఫోను పెట్టి పనిముట్టు తయారుచేశారు. జిల్లాలో గెలిచారు, రాష్ట్రంలో గెలిచారు. దేశంలోని బడులన్నిటికీ పెట్టిన సైన్సు పోటీకి బెంగళూరు పిలిచారు.

అక్కడ టీచర్లు మాట్లాడకూడదు. సరళ గోడ దగ్గర నిలబడి కొంగు నలుపుకుంటూ ఉంది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన తెలుగాయన, పెద్ద ప్రొఫెసర్. వడ్ల సంగతంతా విన్నాక అడిగాడు.

"ఈ సూత్రం మీకెవరు చెప్పారు బాబూ?"

"ఎవ్వలు చెప్పలె సార్. బిందెను చూసి మేమే కట్టినం" అన్నాడు ఎల్లేశ్.

ప్రొఫెసర్ నమ్మినట్టు కనబడలేదు. "సరే. మెడ లేని డబ్బా తీసుకుందాం, మూతకు ఒట్టి రంధ్రమే ఉంది. మెడ పొడవు సున్నా, అంటే ఊగే బరువూ సున్నా. మీ లెక్క ప్రకారం స్వరం అంతులేకుండా పెరిగిపోవాలి. పెరుగుతుందా?"

ఈ ప్రశ్న సరళ ఎన్నడూ వినలేదు, జవాబూ తెలియదు. ఎల్లేశ్ శామ్యూల్ వంక చూశాడు. శామ్యూల్ డబ్బా మూత మీది రంధ్రం చుట్టూ వేలు తిప్పాడు.

"పెరగది సార్" అన్నాడు. "రంధ్రం బయటి గాలి గూడ కొంత కలిసి ఊగుతది. గీత గీసినట్టు గాలికి అంచు ఉండది గద. అందుకే పొడవు సున్నా కాదు. రంధ్రం ఎంత వెడల్పుందో దగ్గరదగ్గర గంత ఉంటదనుకుంటున్న."

ప్రొఫెసర్ అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇది నూటయాభై ఏళ్ల కిందట ఒక జర్మన్ శాస్త్రవేత్త కట్టిన సూత్రం. నేను ఎమ్మెస్సీలో చదువుకున్నాను."

తమకంటే ముందే ఎవరో కనిపెట్టారని పిల్లల మనసు చిన్నబోతుందేమోనని సరళ భయపడింది. ఎల్లేశ్ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"ఆయనకు గూడ మాకొచ్చిందే వచ్చిందా సార్?"

"అదే వచ్చింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. సాయంత్రం వేదిక మీద మొదటి బహుమతికి పేర్లు చదివినప్పుడు కూడా వాళ్లు అంతగా నవ్వలేదు. సరళకు కళ్లు మసకబారి వేదిక సరిగా కనిపించలేదు. ఇన్నేళ్లూ ఈ పిల్లలను తానే నడిపిస్తున్నాననుకుంది. వాళ్లు ఆమె ఎరగని చోటికి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా, నడిచి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఇద్దరూ హనుమకొండలో ఇంటర్ చదువుతున్నారు. ఆదివారాలు ఆమెకు ఫోన్ చేస్తారు. ఈ మధ్య మద్దెల మీద పడ్డారు. దాని నడిమి నల్లటి కరణి పూత ఎందుకు, అది లేకపోతే స్వరం ఎట్లా చెదురుతుంది, ఒకటే లెక్కలు. సరళకు సగం అర్థం కాదు. అయినా ఫోన్ పెట్టేయదు.

మొన్న భర్త ముత్యం అడిగాడు. "గంట సేపాయె. ఏం చెప్తున్నరు వాళ్లు?"

"పూర తెల్వది" అంది సరళ, ఫోను చెవి నుంచి తీయకుండానే. "వినబుద్ధయితాంది."