తౌఫౌ చాప, దొర క్షమాపణ

మా మేనత్త తౌఫౌ గురించి వ్రాయాలంటే నేను మొదట బయటికి తీసేది ఒక రసీదు. 1926లో ప్రేమకథ తీయడానికి మా సమోవా దీవికి వచ్చిన అమెరికా సినిమా కంపెనీ ఇచ్చినది. అందులో ఒక్క వాక్యమే ఉంది: "పాత చాప ఒకటి, చిత్రీకరణ నిమిత్తం అరువు."

పాత చాపట! ఆమె తల్లి పద్నాలుగేళ్లు కూర్చుని, పట్టులాంటి సన్నని పోచలతో అల్లి, అంచున ఎర్రని ఈకలు కుట్టిన చాప అది. పెళ్లికో చావుకో తప్ప దాని మడత విప్పేవారు కారు. డన్‌స్టన్ అనే దర్శకుడు దాన్ని ఇసుకలో పరిపించాడు. ఒంటికి గోధుమరంగు పూసుకున్న తెల్లనటి దానిమీద నాయకుణ్ణి కౌగిలించుకుంది. ఈకలు కత్తిరించి ఆమె జడలో పెట్టారు. చాపను ఓడలో వేసుకుపోయారు. అత్త నాచేత మూడు ఉత్తరాలు వ్రాయించింది. నకళ్లు నా దగ్గరున్నాయి, జవాబులు లేవు.

మరుసటి ఏడు, ఇంకా కొన్ని దృశ్యాలు తీయాలంటూ డన్‌స్టన్ తిరిగి వచ్చాడు. వాళ్ల చిత్రీకరణకు ఊళ్లో ఒక్క పడవ కదలలేదు. ఊరి తరఫున మాట్లాడే పెద్ద మనూలెవా అతనికి మా ఆచారం చెప్పాడు. తప్పు చేసినవాడు బాధితుల ఇంటిముందు చాప కప్పుకుని కూర్చోవాలి. వారు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు, చాప వారిదైనట్టు. కూర్చున్నవాడు తనంతట తాను లేవరాదు.

తెల్లవారేసరికి డన్‌స్టన్ అత్త గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. కప్పుకున్నది ఆమె చాపే.

"ఎత్తమ్మా తౌఫౌ, నీ చాప నీకొస్తుంది," అన్నాడు మనూలెవా.

"ఎత్తితే చాప నాకొచ్చినా, వాడికి క్షమ దొరికిపోతుంది. క్షమించకుండా చాప ఒక్కదాన్నే ఎత్తే ఉపాయముంటే చెప్పు పెద్దాయనా."

ఆమె లోపలికి వెళ్లి తీరిగ్గా కాల్చిన అరటికాయ తిన్నది. ఎండ ముదిరింది.

"అత్తా, వేడిరాళ్ల పొయ్యిలో పందిలా ఉడికిపోతున్నాడే!" అన్నాను.

"ఉడకనీరా. పంది పాపం, ఎవరి ఈకలూ కత్తిరించలేదు."

దుభాషి వచ్చి, "ఇంకెంతసేపమ్మా అని అడుగుతున్నాడు దొర," అన్నాడు.

"మా అమ్మ పద్నాలుగేళ్లు కూర్చుంది. అంతసేపు చాలని చెప్పు."

మధ్యాహ్నానికి డన్‌స్టన్ ఓర్పు నశించింది. చాపను విసిరికొట్టి, తిట్టుకుంటూ లేచి నిలబడ్డాడు. అలా తనంతట లేచినవాణ్ణి మా ఊరు అంతకుముందు ఎరగదు.

అతడు పది అడుగుల దూరం పోయేదాకా అత్త ఆగింది. అప్పుడు దిగివచ్చి, ధూళి దులిపి, చాప తీసుకుంది.

"దీన్ని వాడి మీదనుంచి ఎత్తలేదు, నేలమీదనుంచి తీసుకున్నాను. అందరూ చూశారుగా?" అంది. దుభాషి వైపు తిరిగి, "క్షమించలేదని వాడి భాషలో సరిగ్గా చెప్పు నాయనా, మర్యాదకోసం మెత్తబరచకు."

ఆ కంపెనీకి పడవ ఇవ్వరాదని పెద్దలు ఆనాడే తీర్మానించారు. కెమెరా పెట్టెలు నెత్తిన పెట్టుకుని దొరలు నడుములోతు నీటిలో, పగడపు దిబ్బ అంచున ఆగిన ఓడవాళ్ల పడవ దాకా నడిచారు. రెండు పెట్టెలు అలలపాలయ్యాయి. చివరి పెట్టె ఓడెక్కేదాకా అత్త గుమ్మంలోంచి కదలలేదు.