నాన్న చేయించిన ఉక్కు మూత

ఇప్పుడు నా బండి వెనక ఉన్న మూతని నేను ఒక్క చేత్తో లేపుతాను. ఫైబర్‌ది. అంతకుముందు ఒకటుండేది. దాన్ని లేపడానికి భిలాయి ఉక్కు ప్లాంటులో రిటైరైన వాళ్ళలో కాస్తో కూస్తో కండ మిగిలినవాళ్ళందరూ కావలసివచ్చింది.

నాది వంటల వ్యాపారం. బారసాలలకీ, గృహప్రవేశాలకీ వండి, నా పికప్ బండి నేనే నడుపుకుంటూ పట్టుకెళ్ళి దించి వస్తాను. మా వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మా నాన్న మాత్రం తెలియనట్టే ఉండేవాడు. ఆయన ప్లేట్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. పాత షిఫ్టువాళ్ళు ఎవరైనా ‘అమ్మాయి ఏం చేస్తోంది’ అని అడిగితే, ‘కంప్యూటర్ పని, ఇంట్లోంచే’ అనేవాడు. బండి కొన్నరోజు కొబ్బరికాయ కొట్టడానికి రమ్మంటే మోకాలు నొప్పి అన్నాడు. ఆ సాయంత్రమే అదే మోకాలు ఆయన్ని ఊరవతల మరోదా చెరువు దాకా నడిపించి తీసుకొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. కూతురు ఇంజినీరైతే ఊరంతా చాటేవాడు, గరిటె పట్టుకుందని దాచేశాడు. ఆయన నోటితో, నలుగురిలో, ‘ఇది మా అమ్మాయి బండి’ అని ఒక్కసారి అనిపించాలని నాకు పట్టుదల.

వానలు మొదలయ్యేముందు బండికి మూత అవసరం పడింది. టార్పాలిన్ కడితే గాలికి లేచిపోతుంది. ప్లాంటు వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ము తాళ్ళ సందుల్లోంచి దూరి పెరుగావడల మీద కూర్చుంటుంది. గట్టి మూత వేయిద్దామని నేను బండి సామాన్ల దుకాణానికి బయలుదేరుతుంటే నాన్న ఎవరూ పిలవకుండానే చెప్పులేసుకున్నాడు. బండి మీద ప్రేమ కాదు. ఇనుముతో పని ఉన్నచోట తను లేకపోతే లోకం మోసపోతుందని ఆయన నమ్మకం.

దుకాణం అతను ముందు మడతపెట్టే అల్యూమినియం మూత చూపించాడు. నాన్న వేలి కణుపుతో దాన్ని టక్కుమని కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

“అప్పడం,” అన్నాడు.

తరవాత ఫైబర్ మూత. రెండు పక్కలా గ్యాసు నింపిన కడ్డీలున్నాయి, కాస్త తోస్తే చాలు దానంతటదే పైకి లేస్తుంది. నా ప్రాణం లేచొచ్చింది. నాన్న దాన్నీ కొట్టి చూశాడు.

“ఇదేటి, బకెట్టు సప్పుడొస్తంది? ఉక్కు ఊర్లో ఉండి ప్లాస్టిక్కు మూతేటే! నలుగురూ సూస్తే నవ్వరేటి?”

“నలుగురూ చూడ్డానికి కాదు నాన్నా, వాన పడకుండా.”

“నువ్వుండవే. నాను సేయిస్తాను.”

దుకాణం అతను నావైపు జాలిగా చూసి, “దీదీ, అంకుల్‌జీ ప్లాంట్ వాలే హై న?” అన్నాడు, ప్లాంటు మనిషే కదా అని. అతని బేరాల్లో సగం ఇలాంటి అంకుల్‌జీల దగ్గరే తెగిపోతాయి కాబోలు. నేను మాత్రం నాన్నని కాదనలేదు. నా బండికి ఏదైనా చేస్తానని ఆయన అనడం అదే మొదటిసారి మరి.

ఆయనకి తోడు ఒక బాబాయి ఉన్నాడు. ఉద్యోగమంతా మిల్లు కప్పు కింద క్రేను కేబిన్లో కూర్చుని చేసిన మనిషి. తెలిసినవాళ్ళ వర్క్‌షాపులో ఇద్దరూ జనరల్ షిఫ్టు మొదలెట్టారు. అటక మీద నుంచి సేఫ్టీ బూట్లు దిగాయి. టిఫిన్ డబ్బాలు దిగాయి. నేను మూత చూడ్డానికి వెళితే, గేటు దగ్గరే ఆపి చెప్పులతో లోపలికి రాకూడదన్నారు.

ప్లేట్ మిల్లు మనిషికి పల్చన అంటే మన పల్చన కాదు. ఓడలకీ వంతెనలకీ వెళ్ళే పలకలు చూసిన కళ్ళు అవి. “బాగా పల్సటి రేకు ఏరేను,” అని ఆయన మురిసిపోతూ చెప్పినది, తీరా చూస్తే నా దోసె పెనం కన్నా మందం. దాని అడుగున మళ్ళీ యాంగిల్ ఫ్రేము. నీటిచుక్క దూరకూడదని అంచులు కిందికి వంచి, బండి వెనక డోరు మీదికి దిగేలా చేయించాడు. అంటే మూత లేస్తేనే డోరు తెరుచుకుంటుంది. గ్యాసు కడ్డీలు దండగన్నాడు.

మూత బరువు సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఎలా తోస్తుంది? ప్లాంటులో ఎవరైనా ఏదైనా చేత్తో లేపితే కదా! కొలత ఒకరిది, వెల్డింగు ఇంకొకరిది, బరువు క్రేనుది. వర్క్‌షాపులోనూ పైన గొలుసు కప్పీ ఉంది. బాబాయి గొలుసు లాగాడు, మూత గాల్లోకి లేచి వచ్చి బండి మీద సరిగ్గా కూర్చుంది. బండి కేబిన్ వైపు కీళ్ళు బిగించారు. రంగు ఆరాలని మూతని మళ్ళీ గొలుసుతోనే పైకెత్తి, కింద ఇనపకడ్డీ దన్ను పెట్టారు. అలా నోరు తెరుచుకునే నా బండి టౌన్‌షిప్ సెక్టార్ల గుండా ఇంటికొచ్చింది.

మర్నాడు పక్కనున్న ఉతై ఊళ్ళో గృహప్రవేశం. ఇల్లు కట్టుకున్నాయన నాన్న షిఫ్టువాడే, పిలుపులన్నీ ఆ మిల్లువాళ్ళకే. వంట ఆర్డరు ఆయన కోడలు నాకిచ్చింది, నేను ఎవరి కూతురినో తెలియకుండా. ఈ సంగతి విన్నప్పటి నుంచీ నాన్నకి అన్నం సహించలేదు. పొద్దున్నే వాన పట్టుకుంది. ఆటో దొరక్క నాన్నా బాబాయీ ఇద్దరూ నా బండే ఎక్కవలసివచ్చింది. ఎక్కేముందు నాన్న ఒప్పందం చెప్పాడు.

“సందు మొగలో దింపీ. మేం నడిసెల్తాం. నువ్వు కాసేపాగి రా.”

గిన్నెలన్నీ సర్దాక నాన్న కడ్డీ లాగేశాడు. మూత పడిన చప్పుడికి ఎదురింటివాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకుని బయటికొచ్చారు.

“సూసేవా, సీలంటే అదీ!” అన్నాడు నాన్న.

బండి ముందుభాగం కాస్త ఆకాశం వైపు చూస్తూ నడిచింది. వాన దంచుతుంటే నాన్న మాటిమాటికీ వెనక్కి తిరిగి తన మూతని చూసుకున్నాడు. సందు మొగలో ఇద్దరినీ దింపాను. నేను వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కాలతో వరండాలో కుర్చీల్లో కూర్చుని, నన్నెప్పుడూ చూడనట్టు టీ తాగుతున్నారు.

మూత పట్టుకుని లేపాను. కదల్లేదు. ఆ కోడలు వచ్చి ఓ చెయ్యి వేసింది. షామియానా వేసిన టెంటు అతను వచ్చి రెండు చేతులూ వేశాడు. నట్టింట్లో అరిటాకులు వేసేశారు, భోజనం మాత్రం ఉక్కు కింద ఉంది. ‘నాన్నా’ అని ఒక్క కేక వేస్తే చాలు, ఆయన కంప్యూటర్ అక్కడికక్కడే కుప్పకూలేది. కేక గొంతుదాకా వచ్చింది. మింగేశాను. గుంజుకున్న మాట నాకెందుకు? కానీ నేనూ మనిషినే కదా, ఊరుకోలేక వరండా వైపు తిరిగి గట్టిగా అడిగాను.

“అంకుల్‌జీ, ఈ మూత ఎలా తెరుస్తారో మీకేమైనా తెలుసా?”

ఆ పిలుపుకి నాన్న తల తిప్పాడు. టీ కప్పు కింద పెట్టి, మెట్లు దిగి, వానలోకి వచ్చేశాడు. ఒక పట్టు పట్టి చూశాడు. వెనకే వచ్చిన బాబాయి మూత కేసి చూడలేదు. అలవాటుకొద్దీ తలెత్తి ఆకాశంలో క్రేను కొక్కెం కోసం వెతికాడు. నాన్న మొహం తుడుచుకుని వరండా వైపు తిరిగాడు.

“ఒరేయ్, కూకున్నది సాలు, అందరూ ఇలా రండ్రా! ఇది మా అమ్మాయి బండి. లోపలున్న వంట మా అమ్మాయిది. మూత ఒక్కటే నాది, తిట్లన్నీ నాకే ఎయ్యండి. ముందు పట్టండి!”

“అదేట్రా, నీ కూతురిది కంప్యూటరు పనన్నావు?” అన్నాడు ఇంటాయన.

“కాదు. ఇదీ పని.”

పంచెలూ ప్యాంట్లూ పైకి మడుచుకుని మిల్లంతా వానలోకి దిగింది. బాబాయి గట్టు మీద నిలబడి క్రేనుకి చేసినట్టు చేత్తో సైగలు చేశాడు. మూత లేచింది. డోరు దించితే లోపలినుంచి ఆవిరి వచ్చింది, చుక్క నీరు లేదు. దన్ను కడ్డీ ఇంటి దగ్గరే ఉండిపోవడంతో పెద్దాళ్ళందరూ మూతని అలాగే పట్టుకుని నిలబడ్డారు. నేనూ టెంటు అతనూ గిన్నెలు దించడం మొదలెట్టాం.

అప్పుడు నాన్న వాళ్ళకి చెప్పడం మొదలెట్టాడు.

“అది పులిహోర. సింతపండు రాత్రే నానేసింది. అన్నం ఆరాక ఆవ కలుపుతాది, ముందు కలపదు. అది పెరుగావడ. తెల్లారకుండా పప్పు రుబ్బుతాది, ఇంట్లో ఎవుడికీ నిద్దరుండదు, గానీ దూదిలాగొస్తాయి.”

తలుపేసుకుని పడుకుంటాడనుకున్న మనిషి నా వంటింట్లో జరిగేదంతా ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నాడు.

“ఒరే బాబూ, సేతులు పడిపోతన్నాయిరా, ముందు దింపనీ!” అని ఎవరో మొత్తుకున్నారు. నాన్న వినిపించుకోలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వానలో ఎవరికీ తెలియదులే అని ధైర్యంగా ఏడ్చాను. లోపల ఇంకా దప్పళం ఉంది, పరమాన్నం ఉంది, వాటి గురించి కూడా ఆయన చెప్పాలి. అందుకే కావాలనే, గిన్నెలు ఒక్కొక్కటిగా, చాలా నెమ్మదిగా దించాను.